ఏనుగు, గాడిద, మధ్యలో చీరాల తువ్వాలు

కెనడాలో ఎవరితోనూ బేరమాడకూడదని మా మేనకోడలు స్వాతి నేను విమానం ఎక్కకముందే ఫోన్లో మాట తీసుకుంది. ఇచ్చాను. మాట ఇవ్వడానికి ఖర్చేముంది? చీరాల బట్టల బజారులో పుట్టి, నాన్న కొట్లో గజంబద్ద పట్టుకుని పెరిగి, పెళ్ళయ్యాక గాజుల కొట్టు నడిపిన మనిషిని. నాకు గుర్తున్నంతలో బేరమాడకుండా నేను కొన్నది రైలు టికెట్టు ఒక్కటే. అదీ కౌంటరుకి అద్దం అడ్డముండబట్టి.

తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఎదురైనవాళ్ళందరూ నయాగరా చూశావా అని అడుగుతున్నారు. చూశాను. నీళ్ళు పైనుంచి కిందికి పడుతున్నాయి. దాని గురించి నాకంటే మీ ఫోనే బాగా చెబుతుంది. నేను చెప్పదలచుకున్నది ఆ జలపాతానికి అవతలి ఒడ్డున, అమెరికాలో మొదలైన మా ఇంటి తగువు గురించి. దాన్ని ఎలాగైనా ఒక ధరకి తెగ్గొట్టి రావాలని, అరుగుతున్న మోకాళ్ళు వేసుకుని అంత దూరం వెళ్ళాను.

మిల్టన్

టొరంటోకి రైల్లో వెళ్ళి ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ కొత్త ఊరు మిల్టన్. ఇళ్ళన్నీ ఒకే తానులోంచి కత్తిరించినట్టుంటాయి. మొదటి సాయంత్రం వాకింగుకి వెళ్ళి, తిరిగొచ్చి, స్వాతి ఇల్లనుకుని వేరే ఇంటి తలుపు తట్టాను. ఒక పంజాబీ ఆవిడ తలుపు తీసి, ఇది రోజూ జరిగేదే అన్నట్టు వేలితో స్వాతి ఇల్లు చూపించి, ఆగమని లోపలికి వెళ్ళి రెండు మెంతి పరాఠాలు పట్టుకొచ్చింది. తప్పిపోతే పరాఠాలు పెట్టే వీధి నాకు బాగా నచ్చింది. మర్నాడు కూడా తప్పిపోదామనుకున్నాను.

స్వాతి నన్ను కూరగాయలకి తీసుకెళ్ళింది. కొట్లో ధరల చీటీల మీద అక్కడక్కడా ఎర్రటి ఆకు గుర్తు. అది సొంతదేశం సరుకట. ఒక కాలిఫ్లవరు తీసి, తిప్పి, స్టిక్కరు చదివి మళ్ళీ పెట్టేసింది.

"అమెరికాది అత్తా. ఈమధ్య ఇక్కడ చాలామంది అవాయిడ్ చేస్తున్నారు."

"పువ్వు బాగానే ఉందిగా?"

"పువ్వు బాగానే ఉంది."

పక్కన అమెరికా నారింజలు గుట్టగా పోసి, ధర తగ్గించి రాసినా తాకేవాళ్ళు లేరు. పుచ్చులుంటే బేరం పోవడం చూశాను, వాడిపోతే పోవడం చూశాను. రెండు దేశాల కోపతాపాల వల్ల బేరం పోయిన కాలిఫ్లవర్ని చూడటం అదే మొదలు. మా ఇంటి సంగతీ ఇంతే కదా అనిపించింది.

ఆ సంగతి ఇదీ. మా తమ్ముడు మురళికి అరవై నిండాయి. ఒహాయోలో పెట్రోలు బంకూ, దాన్నానుకుని చిన్న కిరాణా కొట్టూ నడుపుతాడు. షష్టిపూర్తి కూతురు స్వాతి ఇంట్లో, మిల్టన్‌లో, ఆ ఆదివారం. షష్టిపూర్తంటే మళ్ళీ పెళ్ళే. భార్యాభర్తలు పీటల మీద కూర్చోవాలి, ఆవిడకి పుట్టింటి చీర రావాలి. మా మరదలు లక్ష్మికి అమ్మా నాన్నా లేరు. పుట్టిల్లంటే ఆవిడ అన్నయ్య సుధాకర్ ఒక్కడే. టెక్సస్‌లో కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఆ సుధాకరూ మా మురళీ మాట్లాడుకుని నాలుగేళ్ళయింది.

ఆస్తి తగాదా కాదు, అయితే ఎప్పుడో తీర్చేదాన్ని. అమెరికా రాజకీయం. మురళిది ఏనుగు పార్టీ, సుధాకర్‌ది గాడిద పార్టీ. ఇవి నేను ఎగతాళికి పెట్టిన పేర్లు కావు, అక్కడి గుర్తులే అవి. ముందు ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో మొదలైంది. ఒకడు రాత్రి చూసిన ఛానెల్లో మాట పొద్దున్నే పెట్టడం, రెండోవాడు మధ్యాహ్నానికల్లా తన ఛానెల్లో మాటతో కొట్టడం. "అలాంటివాళ్ళకి ఓటేసేవాళ్ళు బుద్ధిలేనివాళ్ళు" అని ఒకడు, "దేశాన్ని అమ్ముకునేవాళ్ళు" అని ఇంకొకడు. చివరికి మురళి ఇంట్లో థాంక్స్‌గివింగ్ అనే నవంబరు పండగ భోజనాలప్పుడు, అక్కడందరూ టర్కీ కోడి తినే రోజైనా మా ఇళ్ళలో కోడి ఉండదు కాబట్టి పులిహోర, గుత్తివంకాయ ముందు కూర్చుని ఇద్దరూ మాటా మాటా అనుకున్నారు. మురళి "నా ఇంట్లో ఆ మాటలు కుదరవు బావా" అన్నాడు. సుధాకర్ తినే కంచం ముందు నుంచి లేచి, చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్ళిపోయాడు.

ఇప్పుడు చెల్లెలి కోసం టెక్సస్ నుంచి వచ్చి, మిల్టన్ స్టేషను దగ్గర హోటల్లో దిగాడు. మురళి పిలిస్తేనే గుమ్మం తొక్కుతానన్నాడు. లేచిపోయినవాడు తనంతట తానే రావాలన్నాడు మురళి.

లక్ష్మి వంటింట్లో కొత్తిమీర కట్ట విప్పుతూ నెమ్మదిగా చెప్పింది. "అన్నయ్య చేత్తో చీర పెట్టకపోతే నేను పీటల మీద కూర్చోను వదినా. స్వాతి పురోహితుణ్ణి మాట్లాడుకుంది, కేటరింగుకి చెప్పుకుంది. అయినా కూర్చోను. ఈయన్ని ఒక్కణ్ణీ కూర్చోమను, ఏనుగుని పక్కన పెట్టుకుని."

లక్ష్మి జీవితంలో గొంతెత్తిన మనిషి కాదు. కొత్తిమీర కట్ట విప్పుతూ ఇలాంటి మాటలనేవాళ్ళతో జాగ్రత్తగా ఉండాలని నాకు బజారు నేర్పింది.

అందుకని నాకు మాంట్రియల్ చూడాలనిపించింది. మురళితో, నీ కారులో నన్నూ లక్ష్మినీ తిప్పుకురా అన్నాను. సుధాకర్‌కి ఫోన్ చేసి, మేమిద్దరం ఆడవాళ్ళం వెళ్తున్నాం, తోడు రమ్మన్నాను. ఒకరి సంగతి ఒకరికి చెప్పలేదు. నేను అబద్ధం ఆడలేదు, సరుకు మొత్తం విప్పి చూపించలేదు, అంతే.

హైవే మీద

పొద్దున వాకిట్లో సుధాకర్ బ్యాగు పట్టుకుని, మురళి తాళంచెవి పట్టుకుని ఒకరినొకరు చూసుకున్నారు. లక్ష్మి తన చెప్పులు చూసుకుంది. నేను ముందు సీట్లో ఎక్కి కూర్చుని, మోకాళ్ళు పట్టేశాయి, ఇక దిగలేనన్నాను.

మాంట్రియల్‌కి ఆరేడు గంటల దారి. మొదటి గంటంతా మాటలు లక్ష్మి మీదుగా నడిచాయి.

"లక్ష్మీ, ఏసీ కొంచెం తగ్గిస్తే బాగుంటుందేమో అడుగమ్మా" అని వెనకనుంచి సుధాకర్.

"లక్ష్మీ, ఏసీ కారు ఓనరు ఇష్టమని చెప్పు" అని ముందునుంచి మురళి.

మళ్ళీ మాట్లాడకుండానే తగ్గించాడు. అది చూసి నాకు ఆశ పుట్టింది.

పెట్రోలు పోయించుకునే చోట ఒక పెద్దాయన మా ఒహాయో నంబరు ప్లేటు చూసి, టోపీ సర్దుకుంటూ దగ్గరికొచ్చి మర్యాదగా అడిగాడు, అక్కడ మీరంతా బాగానే ఉన్నారా అని. ఆస్పత్రిలో ఉన్న చుట్టాన్ని పలకరించినట్టుంది ఆ గొంతు. మురళీ సుధాకరూ ఒక్కసారే "ఫైన్, ఫైన్" అన్నారు. నాలుగేళ్ళలో ఇద్దరూ ఏకీభవించిన మాట అదేనట. లక్ష్మి తర్వాత చెప్పింది.

కారు కదిలాక నేను అడిగాను, అసలు ఈ పార్టీల్లో తేడా ఏమిటో నాకు కొట్టు భాషలో చెప్పండి అని. ఇద్దరూ నాకే చెప్పారు, ఒకరికొకరు కాదు. విని విని నాకు అర్థమైందేమిటంటే, పన్నుల గురించి ఒకరి మాట నచ్చి ఆ కొట్లోకి వెళ్తే తుపాకుల గురించీ, బడి పుస్తకాల గురించీ, డాక్టర్ల గురించీ, ఎండావానల గురించీ కూడా వాళ్ళ సరుకే మోసుకుపోవాలి.

"అదేమిట్రా, చీర నచ్చిందంటే జాకెట్టూ చెప్పులూ గొడుగూ కూడా ఆ కొట్లోనే కొనాలా? విడిగా అమ్మరా?"

"అది ఐడియాలజీ అక్కా" అన్నాడు మురళి.

"మా బజారులో దాన్ని అంటగట్టడం అంటారు."

వెనక సీట్లో సుధాకర్ నవ్వాడు. మురళి అద్దంలో చూడగానే దగ్గు కింద మార్చేశాడు.

స్వాతి ఇంట్లో టీవీలో అమెరికా ఎన్నికల ప్రకటనలు చూశాను. ఒక్కడూ తన సరుకు గుణం చెప్పడు. ఎదుటి కొట్టువాడి సరుకు కుళ్ళిందనీ, వాడి తక్కెడ దొంగదనీ, వాడి దగ్గర కొన్నవాడు కూడా దొంగేననీ చెబుతాడు. కొట్టువాణ్ణి తిట్టడం నాకు తెలుసు. కొనుక్కున్నవాణ్ణి తిట్టడం ఎక్కడా చూడలేదు. రేపు వాడు మన కొట్టుకి రావాలి కదా.

అప్పుడు చెప్పాను వాళ్ళకి, వాళ్ళు మరిచిపోయిన సంగతి. మా నాన్న బట్టల కొట్టుకి సరిగ్గా ఎదురుగా లక్ష్మీ సుధాకర్ల నాన్న శేషయ్య మామయ్య పాత్రల కొట్టు. ఇద్దరివీ వేరువేరు పార్టీలు, రెండు కొట్ల మీదా రెండు జెండాలు. ఫలితాలొచ్చిన రోజు మామయ్య మా కొట్టు ముందు సీమటపాకాయల దండ కాల్చాడు. మా నాన్న కుర్చీలోంచి కదలకుండా అంతా పేలేదాకా చూసి, "శేషయ్యా, కాగితాలు నువ్వు ఊడుస్తావా, నేను ఊడవనా?" అన్నాడు. సాయంత్రం ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చుని నిమ్మసోడా తాగారు. మా దగ్గర ఎన్నికల్లో తలకాయలు పగల్లేదని కాదు, పగిలాయి. ఇప్పుడు మా బజారు వాట్సాప్ గ్రూపుల్లోనూ తక్కువేం లేదు. కాని మా నాన్న కొట్టు గుమ్మానికి ఎదురుగానే మామయ్య కొట్టు ఉండేది. పొద్దున తలుపు తీస్తే ఒకరి ముఖం ఒకరు చూడాల్సిందే. వీళ్ళు తలుపు తీస్తే కనబడేది టీవీ.

కారు పోతూనే ఉంది. చెట్లు అంచుల్లో ఎర్రబడుతున్నాయి, జరీ అంచులాగా.

కింగ్‌స్టన్

సరస్సు ఒడ్డున పాతరాతి కట్టడాల ఊరు. నీళ్ళ పక్కన ఒక బండి దగ్గర పూటీన్ అమ్ముతున్నారు. వేయించిన బంగాళాదుంప ముక్కలు, పైన జున్ను గడ్డలు, ఆపైన వేడి గ్రేవీ. మన మిరపకాయ బజ్జీ బండి దగ్గరున్నంత మంది ఉన్నారు. మురళి నాలుగు పొట్లాలు కొన్నాడు.

సుధాకర్ వాసన చూసి ఆగాడు. "లక్ష్మీ, ఈ గ్రేవీలో కోడి రసం ఉంటుందని చెప్పు."

"ఉండదని చెప్పు" అన్నాడు మురళి.

"ఉంటుందమ్మా. నేను ఇదివరకు అడిగాను."

"కెనడా వచ్చి గ్రేవీ మీద కూడా లెక్చర్లా? మష్రూమ్‌తో చేస్తారు."

అంటూనే ఫోర్కు గుచ్చి నోటి దాకా తీసుకెళ్ళాడు. అరవై ఏళ్ళుగా కోడి ముట్టని మనిషి, ఎదుటివాడు చెప్పాడన్న ఒక్క కారణానికి ముట్టడానికి సిద్ధపడ్డాడు. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. లక్ష్మి బండి దగ్గరికెళ్ళి అడిగింది. ఆ అమ్మాయి నవ్వుతూ, చికెన్‌తోనే చేస్తాం, మష్రూమ్ గ్రేవీ కూడా ఉంది, అడిగితే వేస్తాం అంది.

ఇద్దరూ గెలిచినట్టే ముఖాలు పెట్టారు.

ఉన్న పొట్లాలు పక్కన నిలబడ్డ కాలేజీ పిల్లలకి ఇచ్చేసి, మష్రూమ్‌వి తెచ్చుకుని తిన్నాం. రుచి బాగుంది, ధర మాత్రం బంగాళాదుంపకి ఇవ్వాల్సింది కాదు. పొట్లానికి పది డాలర్ల పైమాటే. నాలుగు తీసుకుంటే ఏమైనా తగ్గుతుందా అని లక్ష్మిని అడగమన్నాను. లక్ష్మి వినబడనట్టు సరస్సు చూసింది.

మురళి కారు తీసుకురావడానికి వెళ్ళాడు. బెంచీ మీద సుధాకర్ నా పక్కన కూర్చున్నాడు.

"నాకు పార్టీ ముఖ్యం కాదు వదినా. మా శారద ఆస్పత్రిలో ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే ఇన్సూరెన్సు వాళ్ళతో ఫోన్లో గంటలు గంటలు బతిమాలేవాణ్ణి. ఫలానా మందు ఇస్తాం, ఫలానాది ఇవ్వం అనేవాళ్ళు. నువ్వు బజారులో బేరమాడావు, మనిషి ఊపిరి మీద బేరమాడావా? ఆ పద్ధతే మంచిదని మురళి నా ముందు అన్నాడు. అన్నం కంచం ముందు అన్నాడు."

శారద అతని భార్య, పోయి ఆరేళ్ళు.

మాంట్రియల్

మాంట్రియల్‌లో ఇళ్ళకి మెట్లు బయట ఉంటాయి, ఇనపవి, మెలికలు తిరిగి. మంచు దేశంలో మెట్లు బయట ఎందుకు పెట్టారో ముగ్గురిని అడిగాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు, ముగ్గురూ నమ్మకంగా చెప్పారు. బోర్డులన్నీ ఫ్రెంచిలో ఉంటే నాకు హాయిగా అనిపించింది. ఇంగ్లీషు రాదని సిగ్గుపడే పని లేదు, మా నలుగురికీ సమానంగా ఏమీ రాదు. కట్టెల పొయ్యిలో కాల్చిన నువ్వుల బేగెల్, గారెలా మధ్యలో చిల్లున్న రొట్టె, వేడిగా చేతిలో పెడితే మా వీధి చివర బేకరీలో బన్ను వాసన వచ్చింది. రెండు తిన్నాను.

సాయంత్రం మేము దిగిన ఇంటి బాల్కనీలో మురళి నాకు కాఫీ ఇచ్చి, వీధి చూస్తూ అన్నాడు.

"బావ నీతో ఏం చెప్పుంటాడో నాకు తెలుసులే. శారదక్క పోవడం నాకు బాధ కాదా అక్కా? నా కొట్లోకి తుపాకీ పట్టుకుని ఒకడొచ్చాడు. గల్లాపెట్టె తీసిచ్చాను. మర్నాడు బావకి ఫోన్ చేస్తే, పాపం వాడికెన్ని కష్టాలున్నాయో, వ్యవస్థ అలా చేసిందన్నాడు. వాడి కష్టాలు అడిగాడు. నాకేమైనా అయిందా అని అడగలేదు."

"ఈ మాట అతనికి చెప్పావా?"

"గ్రూపులో వీడియో పెట్టాను, దొంగల మీద."

"అది చెప్పడమేనా?"

ఇద్దరివీ గట్టి కారణాలే. కాని వాటిని వాళ్ళు ఒకరికొకరు చూపించుకోలేదు. వాటి మీద పార్టీ జెండాలు కప్పి పెట్టారు.

మాంట్రియల్ బజారు

మర్నాడు శుక్రవారం, కూరగాయల బజారుకి వెళ్ళాం. ఇంతకీ ఆ దేశంలో నాకు ఊపిరాడిన చోటు అదే. అరుపులు, గుట్టలు, కోసి రుచి చూపించే టమాటాలు. ఒక మూల జీల్ అనే ముసలాయన మేపుల్ సిరప్ డబ్బాలు అమ్ముతున్నాడు. చెట్టుకి గాటు పెట్టి కారిన నీళ్ళని కాచి కాచి చేసే పాకం. మన తాటిబెల్లం పాకానికి చుట్టం. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. అటు మురళి, ఇటు సుధాకర్ అనువాదానికి దిగారు.

ఒహాయో, టెక్సస్ అని వినగానే జీల్ తన కథ మొదలెట్టాడు. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ రాష్ట్రం కెనడా నుంచి విడిపోవాలా వద్దా అని ఓటింగు జరిగిందట. ఆయన ఒక పక్క, వాళ్ళన్నయ్య ఒక పక్క. వెంట్రుకవాసిలో విడిపోకుండా ఆగారట.

"అక్కా, ఈయనేమంటున్నాడంటే, ప్రభుత్వాలు అతిగా తల దూరిస్తే ఇలాగే అవుతుందట" అన్నాడు మురళి.

"లక్ష్మీ, ఆయన ఆ మాటే అనలేదని చెప్పు. చిన్న భాష వాళ్ళ గోడు ఎవరూ పట్టించుకోకపోతే ఇలా అవుతుందన్నాడు" అన్నాడు సుధాకర్.

"ఆయన రెండూ అనలేదు" అంది లక్ష్మి.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"దేశం ముక్కలవలేదు గాని మా ఇల్లయింది అన్నాడు. అన్నయ్యతో చాలా ఏళ్ళు మాటల్లేవన్నాడు. అంతే అన్నాడు వదినా. మిగతాదంతా వీళ్ళ సరుకు."

నేను జీల్‌ని అడిగించాను, మరి ఇప్పుడెలా ఉన్నారని. ఈసారి లక్ష్మే చెప్పింది. వసంతంలో చెట్టు నీళ్ళు దిగినప్పుడు పాకం ఒక్కడే కాచలేడట. ఒకడు పొయ్యి చూడాలి, ఒకడు పెనం చూడాలి. మాటల్లేకుండానే అన్నదమ్ములిద్దరూ కాచారు. ఎప్పుడు పలకరించుకున్నారో ఆయనకి గుర్తులేదు. పెనం అడుగంటుతుంటే ఎవరో ఒకరు అరవాలిగా అన్నాడట.

మూడు డబ్బాలు ముందు పెట్టుకుని రెండింటి డబ్బు తీశాను. స్వాతికిచ్చిన మాట గుర్తుంది. కాని మాట ఇచ్చింది మిల్టన్ మనిషికి, ఇది వేరే రాష్ట్రం. జీల్ నవ్వి తల అడ్డంగా ఊపాడు. మీ దేశంలో బేరం ఎలా ఆడతారని అడిగాడు. నా భుజం మీద ప్రయాణంలో విసనకర్రా, దిండూ, చేతిగుడ్డా అన్నీ తానే అయిన ఆకుపచ్చంచు చీరాల తువ్వాలుంది. అప్పుడు వెలిగింది నాకు.

మా నాన్న రోజుల్లో బజారులో పెద్ద బేరాలు నోటితో ఆడేవాళ్ళు కాదు. పశువుల సంతలో లాగా చేతుల మీద తువ్వాలు కప్పుకుని, కింద వేళ్ళు పట్టుకునేవాళ్ళు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, గుప్పెడు పడితే అయిదు. ముఖంలో ఏమీ కనబడకూడదు. ఎవరు ఎంత అడిగారో, ఎవరు ఎంత దిగారో పక్కవాళ్ళకి తెలియదు. అందుకే దిగినవాడి పరువు పోదు. తెగితే తువ్వాలు దులుపుతారు. ఆ ధర మళ్ళీ నోటితో పలకకూడదు.

"ఈయనకి చూపించండి" అన్నాను ఇద్దరితో. "చిన్నప్పుడు అరుగు మీద కూర్చుని గోలీకాయలకి ఇలాగే ఆడేవాళ్ళుగా. నేనూ లక్ష్మీ చేస్తే దొంగాటలా ఉంటుంది. మన బజారు పరువు."

"అక్కా, ఇప్పుడేంటిది" అన్నాడు మురళి.

"పెద్దాయన చూస్తున్నాడు" అన్నాను.

పరాయివాడి ముందు బజారు పరువంటే మావాళ్ళు కాదనలేరు. సుధాకర్ ముందు చెయ్యి చాచాడు. కాసేపటికి మురళి చాచాడు. నేను తువ్వాలు కప్పి, రెండడుగులు వెనక్కి వచ్చాను.

తొందరగా అయిపోతుందనుకున్నాను. కాలేదు. చేతుల మీద గుడ్డ ఒకసారి ఇటు లేచింది, ఒకసారి అటు. సుధాకర్ దవడ బిగిసి అచ్చం శేషయ్య మామయ్యలా ఉన్నాడు. మురళి మా నాన్నలా ఎటో పై కప్పు చూస్తున్నాడు. పక్కన టమాటాలమ్మే ఆవిడ కూడా అరవడం ఆపి చూసింది. ఒక దశలో మురళి చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు, సుధాకర్ వదల్లేదు. ఆ తర్వాత చాలాసేపు గుడ్డ కదల్లేదు. కదలకుండా అలాగే ఉంది. లక్ష్మి నా మోచేయి పట్టుకుంది. గట్టిగానే పట్టుకుంది.

చివరికి మురళి తువ్వాలు తీసి దులిపాడు.

"ఎంతకి?" అన్నాడు జీల్.

"కెనాట్ టెల్" అన్నారిద్దరూ.

జీల్ పడీపడీ నవ్వి, నా మూడు డబ్బాల సంచిలో అరచేతిలో పట్టేంత సిరప్ సీసా ఒకటి ఊరికే వేశాడు. మొత్తం కెనడాలో నాకు దక్కిన తగ్గింపు అదొక్కటే.

తిరుగుదారి

తిరుగు ప్రయాణంలో సుధాకర్ ముందు సీట్లో కూర్చున్నాడు. కింగ్‌స్టన్ దాటాక పన్నుల మీద మొదలైంది. ఒకరు చెబితే ఒకరు ఖండించారు, గొంతులు లేచాయి. ఎవరూ అంగుళం జరగలేదు. రేపు ఎన్నికలొస్తే ఇద్దరి వాకిళ్ళలోనూ పాత పార్టీ బోర్డులే ఉంటాయి. కాకపోతే "లక్ష్మీ, చెప్పమ్మా" అనే మాట వినబడలేదు. "నువ్వు విను బావా ముందు" అని ఒకరు, "నువ్వు రోడ్డు చూడు ముందు" అని ఒకరు. చివరికి ఆ గొడవలోనే ఎగ్జిట్ తప్పిపోయి, ఎక్కడో మొక్కజొన్న చేల మధ్య తేలాం.

వెనక సీట్లో లక్ష్మి నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. ఆ అరుపుల్లో అంత నిద్ర ఎలా పట్టిందో.

ఆదివారం

ఆదివారం పొద్దున సుధాకర్ పట్టుచీర సంచీతో స్వాతి ఇంటి మెట్ల దగ్గరికి వచ్చి ఆగాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. లక్ష్మి పసుపు రాసిన చేతులతో హాల్లో నిలబడిపోయింది. మురళి పంచె సర్దుకుంటూ బయటికి వెళ్ళాడు.

"రా బావా. కాఫీ చల్లారిపోతోంది."

"పంచదార తక్కువేనా?"

"నీకు ఎప్పుడు ఎక్కువేశాం?"

అంతే. హాల్లో లక్ష్మి పీటల మీద కూర్చుంది. చిలకపచ్చ చీర, మెరూన్ అంచు. అన్నయ్య చేతిలోంచి అందుకునేటప్పుడు తలెత్తి చూడలేదు, చీర మడత మాత్రం రెండుసార్లు నిమిరింది. నేను మాత్రం రంగు చూసి, సుధాకర్‌ని ఎవరో బాగానే ముంచారని లోపల లెక్కేసుకున్నాను. ఆ పూట పైకి అనలేదు.

భోజనాల దగ్గర గుత్తివంకాయ మురళే స్వయంగా వడ్డించాడు. సుధాకర్ కంచం ఖాళీ అయ్యేదాకా పక్కనే నిలబడ్డాడు. ఎవరో చుట్టం, సరదాకే పాపం, ఈసారి మీ అమెరికాలో ఎవరొస్తారండీ అని అడిగాడు. మురళి నోరు తెరిచాడు. సుధాకర్ తల ఎత్తకుండా ఎడమచేతి వేలు ఒకటి కొంచెం పైకి లేపాడు. మురళి నోరు మూసుకుని పెరుగు కోసం వెళ్ళాడు. ఆ వేలు ధరో, వాయిదానో, మరేమిటో.

అడగకుండా ఎలా ఉంటాను? మురళిని కారు దగ్గర అడిగాను, సుధాకర్‌ని ఎయిర్‌పోర్టులో అడిగాను. ఇద్దరూ మా నాన్న కొట్లో గుమాస్తాల్లా ముఖాలు పెట్టారు. లక్ష్మిని అడిగితే, "ఎంతకైతేనేం వదినా" అని జడ వేసుకుంటూ వెళ్ళిపోయింది.

చీరాల వచ్చి పెట్టె విప్పితే సిరప్ డబ్బాలున్నాయి, స్వాతి ఇచ్చిన చలికోటుంది, తువ్వాలు లేదు. ఫోన్ చేశాను. మురళి, బావ దగ్గరుంటుందన్నాడు. సుధాకర్, మురళి దాచాడేమో వదినా అన్నాడు. ఇద్దరి గొంతులోనూ నవ్వుంది. టెక్సస్‌లో ఉందో, ఒహాయోలో ఉందో, చెరో ఏడాదీ పెట్టుకుంటున్నారో.

ఆ తువ్వాలు బజారులో ఇప్పటికీ నూట యాభై చెబుతారు, వందకి ఇస్తారు. ఇంకొకటి కొన్నాను. కొట్టువాడు నూట ఇరవై అంటే, ఎందుకో మారు మాట్లాడకుండా ఇచ్చేసి వచ్చాను. వాడు కొట్టు బయటికొచ్చి, "ఏమ్మా, ఒంట్లో బాగుందా?" అని అడిగాడు.